పాత లినక్స్ కంప్యూటర్‌లో ప్యాకేజీ ఇన్‌స్టాలేషన్ విరిగిపోతే: కింది నుంచి పైకి వెతికే పద్ధతి

పాత లాప్‌టాప్‌లో చిన్న ప్రోగ్రామ్ ఏదో ఇన్‌స్టాల్ చేద్దామని కూర్చుంటాం. సగం దాకా వెళ్ళి ఆగిపోతుంది. మళ్ళీ ప్రయత్నిస్తే ఇంకో ప్యాకేజీ (ప్రోగ్రామ్ ఫైళ్ళను కట్టిన మూట) పేరు చెప్పి ఎర్రర్ ఇస్తుంది. దాన్ని తీసేద్దామంటే మూడోది అడ్డం పడుతుంది. అక్కడి నుంచి చాలామంది ఎర్రర్‌లో చివరి లైన్ కాపీ చేసి నెట్‌లో వెతికి, మొదట కనబడిన కమాండ్‌ను ముందూ వెనకా చూడకుండా కొట్టేస్తారు. అందులో 'ఫోర్స్' అనే మాట ఉంటే అప్పటికి పని అయిపోయినట్టే కనిపిస్తుంది. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది.

పదేళ్ళు దాటిన మెషీన్లను నేను ఏళ్ళ తరబడి వాడుతున్నాను, ఇతరులవి బాగుచేసి ఇస్తున్నాను. వాటితో గడిపిన కాలంలో నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. పాత కంప్యూటర్‌లో ప్యాకేజీ విరిగిందంటే తప్పు ఆ ప్యాకేజీలో ఉండడం అరుదు. డిస్క్ నిండిపోయి ఉంటుంది, లేదా గడియారం ఎక్కడో వెనక ఉండిపోయి ఉంటుంది, లేదా ఆ వెర్షన్ రిపాజిటరీ (ప్యాకేజీలు దింపుకునే సర్వర్) వేరే చోటికి తరలిపోయి ఉంటుంది. అందుకే నేను ఎప్పుడూ అడుగు నుంచి మొదలుపెడతాను: ముందు డిస్క్, మెమరీ, తర్వాత గడియారం, రిపాజిటరీ, ఆ పైన డీపీకేజీ (ప్యాకేజీలు విప్పి సర్దే ప్రోగ్రామ్), అన్నిటికన్నా చివర డిపెండెన్సీలు (ఒక ప్యాకేజీకి అవసరమయ్యే ఇతర ప్యాకేజీలు). ఈ వరస తప్పితే గంటలో అయ్యే పని రెండు రోజులు పడుతుంది.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా డెబియన్, ఉబుంటు, మింట్ కుటుంబానికి. కమాండ్లన్నీ నోటితో పలికినట్టు తెలుగు లిపిలోనే రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. డీపీకేజీ అంటే డీ, పీ, కే, జీ అనే నాలుగు అక్షరాలు. ఆప్ట్ అంటే ఏ, పీ, టీ అనే మూడు. కమాండ్ ముందు సుడో అంటే ఆ పనిని అడ్మిన్ హక్కుతో చేయమనడం. ఒక గీత ఉన్నచోట ఒకటే, రెండు గీతలున్నచోట రెండూ పడాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తాను.

ముందుగా: మొదటి ఎర్రర్ ఏది?

విరిగిన ఇన్‌స్టాలేషన్ తెర మీద యాభై లైన్లు కుమ్మరిస్తుంది. చివర్లో 'ఎర్రర్స్ వర్ ఎన్‌కౌంటర్డ్ వైల్ ప్రాసెసింగ్' అని ఓ పది ప్యాకేజీల పేర్లుంటాయి. ఆ పదిలో తొమ్మిదికి ఏ జబ్బూ ఉండదు. వాటికి ముందు రావాల్సినది ఆగిపోయింది కాబట్టి అవీ ఆగాయి, అంతే. తెరను పైకి జరుపుకుంటూ వెళ్ళి, మొట్టమొదట 'ఎర్రర్' అన్న మాట ఎక్కడ వచ్చిందో అక్కడ ఆగండి. మీ అసలు సమస్య ఆ లైన్‌లో, దాని పైనున్న రెండు మూడు లైన్లలో ఉంటుంది.

టెర్మినల్ మూసేశారా? ఫర్వాలేదు. ఆ మాటలన్నీ ఈ ఫైల్‌లో భద్రంగా ఉంటాయి:

సుడో లెస్ /వార్/లాగ్/ఆప్ట్/టర్మ్.లాగ్

పక్కనే ఉండే హిస్టరీ.లాగ్‌లో ఏ రోజు ఏది ఇన్‌స్టాల్ అయింది, ఏది తొలగింది అన్నది తేదీలతో సహా కనిపిస్తుంది. 'నిన్నటి దాకా బాగానే ఉండేది' అని ఎవరైనా మెషీన్ తెచ్చి ఇస్తే నేను మొదట తెరిచేది ఈ ఫైలే.

1. డిస్క్, మెమరీ

రెండు కమాండ్లు కొట్టండి:

డీఎఫ్ -హెచ్
డీఎఫ్ -ఐ

మొదటిది ఎంత జాగా మిగిలిందో చెబుతుంది. రెండోది చాలామంది చూడరు. అది ఐనోడ్‌లు ఎన్ని మిగిలాయో చెబుతుంది. ప్రతి ఫైల్‌కూ ఒక ఐనోడ్ కావాలి. కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) హెడర్ ప్యాకేజీల్లో వేల కొద్దీ చిన్న ఫైళ్ళుంటాయి. చిన్న డిస్క్‌లో పాత హెడర్లు పేరుకుపోతే, జాగా ఖాళీగా ఉన్నా 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అనే ఎర్రర్ వస్తుంది. జీబీల లెక్క మాత్రమే చూసేవాళ్ళకు ఆ ఎర్రర్ అంతుపట్టదు.

జాగా కోసం ముందుగా, ఏ ప్రమాదమూ లేని పని ఇది:

సుడో ఆప్ట్-గెట్ క్లీన్

డౌన్‌లోడ్ చేసి దాచిన ప్యాకేజీ ఫైళ్ళు పోతాయి, ఇన్‌స్టాల్ అయినవి ఉంటాయి.

పాత మెషీన్లలో ఎక్కువగా నిండేది /బూట్ పార్టిషన్. ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసినప్పుడు దానికి కొన్ని వందల ఎంబీలే ఇచ్చి ఉంటారు. ప్రతి కొత్త కెర్నల్ అక్కడ ఒక పెద్ద ఇనిట్‌ఆర్‌డీ ఫైల్ (బూట్ మొదట్లో కెర్నల్‌కు కావాల్సినవి ఉండేది) పెడుతుంది. నిండిపోయాక కొత్త కెర్నల్ సగంలో ఆగుతుంది, పాతది తొలగిద్దామంటే ఆప్ట్ 'ముందు విరిగినది సరిచేయి' అంటుంది, సరిచేద్దామంటే జాగా ఉండదు. ఈ ముడి విప్పడానికి ముందు ఏ కెర్నల్‌తో నడుస్తున్నామో చూసుకోవాలి:

యూనేమ్ -ఆర్

ఇందులో కనిపించిన వెర్షన్ ఫైళ్ళ జోలికి వెళ్ళకండి. దానికన్నా పాత వెర్షన్ ఇనిట్‌ఆర్‌డీ ఫైల్ ఒకదాన్ని /బూట్ నుంచి ఎంవీ కమాండ్‌తో మీ హోమ్ ఫోల్డర్‌కు జరపండి. చెరపకండి, జరపండి చాలు. ఆ కాస్త జాగా దొరికాక ఆగిపోయిన పని పూర్తవుతుంది. తర్వాత ఆ పాత కెర్నల్ ప్యాకేజీని ఆప్ట్ ద్వారానే పద్ధతిగా తొలగించండి.

జాగా ఉన్నా 'రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్' అని వస్తే ఇంకేమీ చేయకుండా చేయి తీసేయండి. డిస్క్‌లో తప్పు కనబడినప్పుడు ఫైల్ సిస్టమ్ తనను తాను కాపాడుకోవడానికి రాతను ఆపేస్తుంది. 'సుడో డీమెసేజ్' అవుట్‌పుట్ చివర్లో ఐ/ఓ ఎర్రర్లు వరసగా కనిపిస్తాయి (ఈ కమాండ్ స్పెల్లింగ్ డీ, ఎం, ఈ, ఎస్, జీ). అప్పుడు లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి, ముందు మీ ఫోటోలూ కాగితాలూ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత 'సుడో స్మార్ట్‌సీటీఎల్ -ఏ /డెవ్/ఎస్‌డీఏ' కొట్టి 'కరెంట్ పెండింగ్ సెక్టర్', 'రీఅలొకేటెడ్ సెక్టర్' వరసల్లో చివరి అంకె చూడండి. సున్నా కాకుండా పెరుగుతూ పోతుంటే ఆ డిస్క్ వెళ్ళిపోతోందని అర్థం. దాని మీద ప్యాకేజీలు సరిచేస్తూ కూర్చోవడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే.

మెమరీ సంగతికొస్తే, 1 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్లలో ఇన్‌స్టాలేషన్ మధ్యలో 'కిల్డ్' అన్న ఒక్క మాట వచ్చి అంతా ఆగిపోవడం మామూలే. మెమరీ చాలక కెర్నల్ ఆ ప్రోగ్రామ్‌ను ఆపేసింది. స్వాప్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ జాగా) పెడితే తీరిపోతుంది:

సుడో డీడీ ఐఎఫ్=/డెవ్/జీరో ఓఎఫ్=/స్వాప్‌ఫైల్ బీఎస్=1ఎం కౌంట్=1024
సుడో సీహెచ్‌మాడ్ 600 /స్వాప్‌ఫైల్
సుడో ఎంకేస్వాప్ /స్వాప్‌ఫైల్
సుడో స్వాప్‌ఆన్ /స్వాప్‌ఫైల్

మొదటి లైన్‌లో 1 పక్కన ఎం పెద్ద అక్షరం. 'ఓఎఫ్' తర్వాత రాసేది ఒకటికి రెండుసార్లు చూసుకోండి. అక్కడ పొరపాటున డిస్క్ పేరు పడితే ఆ డిస్క్ తుడిచిపెట్టుకుపోతుంది.

ఒక్కోసారి ఒక్కో ప్యాకేజీ దగ్గర, ఏ కారణమూ దొరకకుండా 'హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్' గానీ 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' గానీ వస్తుంటే ర్యామ్‌నే అనుమానించండి. మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) ఒక రాత్రంతా నడిపి చూడండి. ఎప్పుడూ ఒకే ప్యాకేజీ దగ్గర మిస్‌మ్యాచ్ వస్తే అది చెడ్డ డౌన్‌లోడ్ అయి ఉండొచ్చు. క్లీన్ చేసి, మళ్ళీ అప్‌డేట్ చేస్తే పోతుంది.

2. గడియారం

'డేట్' అని కొట్టండి. తేదీ ఎన్నో ఏళ్ళు వెనక ఉందా? మదర్‌బోర్డు మీద నాణెం లాంటి బ్యాటరీ అయిపోయింది. చాలావాటిలో అది సీఆర్2032, 3 వోల్టులది. కరెంటు తీసిన ప్రతిసారీ గడియారం మొదటికొస్తుంది.

తేదీకీ ప్యాకేజీలకూ సంబంధమేమిటంటే, రిపాజిటరీలోని రిలీజ్ ఫైల్ మీద తేదీ ఉంటుంది. మీ మెషీన్ 2010లో ఉన్నాననుకుంటే, ఈ నెలలో తయారైన ఫైల్ దానికి భవిష్యత్తు నుంచి వచ్చినట్టు ఉంటుంది. 'నాట్ వ్యాలిడ్ యెట్' అని తిప్పికొడుతుంది. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లకూ ఇదే గతి. తేదీ సరిచేసి, హార్డ్‌వేర్ గడియారంలోకి కూడా రాయండి:

సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ
సుడో హెచ్‌డబ్ల్యూక్లాక్ --సిస్‌టుహెచ్‌సీ

తేదీ సరిగ్గానే ఉన్నా హెచ్‌టీటీపీఎస్ రిపాజిటరీలన్నీ సర్టిఫికెట్ తప్పంటున్నాయనుకోండి, దానికి ఇంకో కారణం ఉంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లకు పాత సిస్టమ్‌లు ఆధారంగా తీసుకున్న రూట్ సర్టిఫికెట్ 2021 సెప్టెంబర్ 30న గడువు తీరిపోయింది. అప్పటికే అప్‌డేట్లు ఆగిన మెషీన్లు ఎన్నో సైట్లను నమ్మడం మానేశాయి. దీనికి మందు సీఏ-సర్టిఫికెట్స్ అనే ప్యాకేజీ కొత్త వెర్షన్. దాన్ని తెచ్చుకోవడానికి సోర్సెస్‌లో (రిపాజిటరీ చిరునామాలుండే ఫైళ్ళు, మూడో అంచెలో చెప్తాను) హెచ్‌టీటీపీఎస్ బదులు తాత్కాలికంగా హెచ్‌టీటీపీ పెట్టుకోవచ్చు. భయపడనక్కర్లేదు. ఆప్ట్ ప్యాకేజీల నిజానిజాలు తేల్చుకునేది రిలీజ్ ఫైల్ మీది డిజిటల్ సంతకంతో. దారి హెచ్‌టీటీపీ అయినా ఆ తనిఖీ జరుగుతుంది.

3. రిపాజిటరీ ఇంకా అక్కడే ఉందా?

'సుడో ఆప్ట్-గెట్ అప్‌డేట్' కొడితే 404 అని వరసగా వస్తోందంటే మీ వెర్షన్ గడువు దాటి, దాని ప్యాకేజీలు భాండాగారానికి తరలిపోయాయి. మీ దగ్గర ఏ వెర్షన్ ఉందో చూడండి:

క్యాట్ /ఈటీసీ/ఓఎస్-రిలీజ్

ఉబుంటులో ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) వెర్షన్లకు మామూలు మద్దతు 5 ఏళ్ళు, మిగిలినవాటికి 9 నెలలు. 18.04కు 2023 మేలో, 20.04కు 2025 మేలో ఆ మద్దతు ముగిసింది. ఎల్‌టీఎస్ కాని పాత వెర్షన్లు ఓల్డ్-రిలీజెస్.ఉబుంటు.కామ్‌లోకి వెళ్తాయి. డెబియన్ పాత వెర్షన్లు ఆర్కైవ్.డెబియన్.ఆర్గ్‌లో ఉంటాయి. /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్ ఫైల్‌ను ముందు ఒక కాపీ తీసుకుని, నానో ఎడిటర్‌తో తెరిచి పాత చిరునామా స్థానంలో ఇవి పెట్టండి. కొత్త పద్ధతి సిస్టమ్‌లలో ఆ వివరాలు సోర్సెస్.లిస్ట్.డీ ఫోల్డర్‌లో, చివర '.సోర్సెస్' ఉన్న ఫైళ్ళలో ఉంటాయి.

డెబియన్ ఆర్కైవ్‌కు మార్చాక రిలీజ్ ఫైల్ గడువు తీరిందని ఇంకో అడ్డు రావచ్చు. ఆ ఒక్కసారికి ఇలా దాటవచ్చు:

సుడో ఆప్ట్-గెట్ -ఓ అక్వైర్::చెక్-వ్యాలిడ్-అన్‌టిల్=ఫాల్స్ అప్‌డేట్

ఇక్కడ -ఓ చిన్న అక్షరం, అది ఓ అనే అక్షరమే, సున్నా కాదు. అక్వైర్, చెక్, వ్యాలిడ్, అన్‌టిల్ మాటల మొదటి అక్షరాలు పెద్దవి. ఒక మాట గుర్తుంచుకోండి: భాండాగారంలోని వెర్షన్‌కు భద్రతా అప్‌డేట్లు రావు. విరిగినది సరిచేసి పైవెర్షన్‌కు వెళ్ళడానికో, నెట్ అవసరం లేని పనికో అది సరిపోతుంది. డబ్బు లావాదేవీలు మాత్రం ఆ మెషీన్ మీద చేయకండి.

తర్వాత సోర్సెస్.లిస్ట్.డీ ఫోల్డర్ చూడండి. ఎప్పుడో కలిపిన బయటి రిపాజిటరీలు అందులో పడి ఉంటాయి. చాలావాటికి ఇప్పుడు పాత వెర్షన్ ప్యాకేజీలుండవు, 32-బిట్ అయితే అసలే ఉండవు. ఉదాహరణకు గూగుల్ క్రోమ్ 32-బిట్ లినక్స్‌కు మద్దతు 2016 మార్చిలోనే ఆపేసింది. ఇలాంటి లైన్ల ముందు # గుర్తు పెట్టి పక్కన పెట్టండి. అన్నీ సరయ్యాక కావాల్సినవి ఒక్కొక్కటిగా మళ్ళీ తెరవచ్చు.

ఈ ఫైళ్ళు చూసేటప్పుడు ఇంకో పని చేయండి. ప్రతి లైన్‌లో ఉన్న వెర్షన్ మారుపేరు ఒకటేనా? ఒక లైన్‌లో బుల్స్‌ఐ (డెబియన్ 11), ఇంకో లైన్‌లో బుక్‌వర్మ్ (డెబియన్ 12) ఉంటే మీ సిస్టమ్ రెండు పడవల మీద కాళ్ళు పెట్టి నిలబడింది. ఎవరో ఎప్పుడో ఒక్క కొత్త ప్రోగ్రామ్ కోసం ఆ లైన్ కలిపి ఉంటారు. నేను చూసిన చిక్కు డిపెండెన్సీ సమస్యల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క లైన్ దగ్గరే పుట్టాయి.

4. తాళం

'కుడ్ నాట్ గెట్ లాక్' వస్తే ఇంకో ప్రోగ్రామ్ అదే పనిలో ఉంది. పాత మెషీన్‌లో వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ అరగంట నడవడం వింత కాదు, ఆగండి. ఎవరు పట్టుకున్నారో చూడాలంటే:

సుడో ఫ్యూజర్ -వీ /వార్/లిబ్/డీపీకేజీ/లాక్-ఫ్రంటెండ్

లాక్ ఫైల్ చెరిపేయమనే సలహా వినకండి. తాళం పట్టుకున్న ప్రోగ్రామ్ బతికి ఉండగా ఫైల్ చెరిపితే ఇద్దరు ఒకేసారి అదే పుస్తకంలో రాసినట్టవుతుంది. ఎవరూ పట్టుకోకపోతే తాళమే ఉండదు, ఫైల్ ఉత్తినే అక్కడ పడి ఉంటుంది.

5. డీపీకేజీ: అసలు చికిత్స ఇక్కడే

ఆప్ట్ బేరగాడి లాంటిది: ఏది కావాలి, ఎక్కడి నుంచి తేవాలి అన్నది చూసుకుంటుంది. ప్యాకేజీ విప్పి ఫైళ్ళు సర్దేదీ, లెక్క రాసుకునేదీ డీపీకేజీ. ఆ లెక్క చెదిరితే పైన ఎవరూ ఏమీ చేయలేరు. ముందు ఏవి సగంలో ఉన్నాయో అడగండి:

సుడో డీపీకేజీ --ఆడిట్

ఇంకొంచెం వివరంగా కావాలంటే:

డీపీకేజీ -ఎల్ | గ్రెప్ -వీ '^ఐఐ'

ఎడమవైపు రెండక్షరాలు చూడండి. 'ఐఐ' అంటే అంతా సవ్యం. 'ఆర్‌సీ' అంటే ప్యాకేజీ పోయింది, సెట్టింగ్ ఫైళ్ళు మిగిలాయి. దాంతో హాని లేదు. రెండో అక్షరం పెద్ద 'యూ' అయితే విప్పింది కానీ సర్దలేదు. పెద్ద 'ఎఫ్' అయితే సర్దుతుండగా విఫలమైంది. పెద్ద 'హెచ్' అయితే విప్పడమే సగంలో ఆగింది. ఆ పక్కన మూడోదిగా పెద్ద 'ఆర్' కనిపిస్తే దాన్ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయక తప్పదు.

ఇప్పుడు ఈ రెండూ, ఇదే వరసలో:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ
సుడో ఆప్ట్-గెట్ -ఎఫ్ ఇన్‌స్టాల్

కింది పొర బాగున్నప్పుడు చాలా మెషీన్లు ఇక్కడికే లేచి కూర్చుంటాయి. ఒక్కోసారి రెండు మూడుసార్లు మార్చి మార్చి కొట్టాల్సి వస్తుంది. రెండో కమాండ్ 'ఇవి తొలగిస్తాను' అని జాబితా ఇస్తే దాన్ని ఒక్కో పేరూ చదవండి. అందులో మీ డెస్క్‌టాప్ పేరో, నెట్‌వర్క్ మేనేజరో ఉంటే 'ఎన్' నొక్కి బయటికి రండి. అంత పెద్ద తొలగింపు అడుగుతోందంటే మూడో అంచెలో ఏదో వదిలేశామని అర్థం.

*పోస్ట్-ఇన్‌స్టాలేషన్ స్క్రిప్ట్ విఫలమైతే.* ప్రతి ప్యాకేజీలో విప్పడానికి ముందూ తర్వాతా, తొలగించడానికి ముందూ తర్వాతా నడిచే చిన్న స్క్రిప్టులుండవచ్చు. 'పోస్ట్-ఇన్‌స్టాలేషన్ స్క్రిప్ట్... ఎగ్జిట్ స్టేటస్ 1' అన్నది వాటిలో ఒకటి ఓడిపోయిందని మాత్రమే చెబుతుంది, ఎందుకో చెప్పదు. ఆ కారణం మనమే చూడాలి:

సుడో ఎస్‌హెచ్ -ఎక్స్ /వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో/ప్యాకేజీపేరు.పోస్ట్‌ఇన్‌స్ట్ కాన్ఫిగర్

స్క్రిప్ట్ మొదటి లైన్‌లో ఎస్‌హెచ్ బదులు బ్యాష్ అనో పెర్ల్ అనో ఉంటే దానికి తగ్గట్టు మార్చుకోండి. ఎక్స్ పెడితే స్క్రిప్ట్ ప్రతి అడుగునూ తెర మీద చూపిస్తూ నడుస్తుంది, చివర కనిపించిన అడుగు దగ్గరే కారణం ఉంటుంది. ఒకసారి నా దగ్గరున్న పాత డెస్క్‌టాప్‌లో వెబ్ సర్వర్ ప్యాకేజీ ఎన్నిసార్లు చేసినా కాన్ఫిగర్ కాలేదు. ఇలా నడిపిస్తే చివరి అడుగు సర్వీస్ మొదలుపెట్టడం దగ్గర ఆగింది. పోర్ట్ 80ని అంతకుముందు పెట్టి మరిచిపోయిన ఇంకో వెబ్ సర్వర్ పట్టుకుని ఉంది. దాన్ని ఆపి, కాన్ఫిగర్ కమాండ్ ఇంకోసారి కొట్టగానే మిగిలినవన్నీ వాటంతటవే సర్దుకున్నాయి.

స్క్రిప్ట్‌ను తెరిచి రెండో లైన్‌లో 'ఎగ్జిట్ 0' రాసేయమని కొందరు చెబుతారు. ఆ ప్యాకేజీని తొలగించడానికే స్క్రిప్ట్ అడ్డం పడుతున్నప్పుడు, తొలగించడం కోసం మాత్రమే అది చేయదగ్గ పని. ఉంచుకోవాల్సిన ప్యాకేజీకి అలా చేస్తే లోపల సగం పని జరగనే జరగదు, లెక్కలో మాత్రం సవ్యంగా ఉన్నట్టు పడుతుంది.

*కరెంటు పోయి లెక్కలు చెడితే.* పాత లాప్‌టాప్‌లకు బ్యాటరీ ఉండదు, ఛార్జర్ వైర్ కాస్త కదిలితే చాలు. నా లాప్‌టాప్ ఒకటి పెద్ద అప్‌గ్రేడ్ మధ్యలో అలాగే ఆరిపోయింది. మళ్ళీ ఆన్ చేశాక ఏ ప్యాకేజీ ముట్టుకున్నా ఒకటే మాట: ఫలానా ప్యాకేజీ ఫైల్ లిస్ట్‌లో 'మిస్సింగ్ ఫైనల్ న్యూలైన్'. /వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో ఫోల్డర్‌లో ప్రతి ప్యాకేజీకీ '.లిస్ట్' అని ఒక ఫైల్ ఉంటుంది. ఆ ప్యాకేజీ ఏ ఏ ఫైళ్ళు పెట్టిందో అందులో వరసగా రాసి ఉంటుంది. ఆ ఫైల్‌ను లెస్‌తో తెరిచి చూశాను. మొదటి కొన్ని లైన్లు బాగానే ఉన్నాయి, తర్వాత పేజీ నిండా ^@ గుర్తులు. డిస్క్ మీదకు చేరాల్సిన రాత చేరకముందే కరెంటు పోయింది, ఆ చోటంతా సున్నాలు మిగిలాయి.

మందు కష్టం కాదు. ఆ ఒక్క ఫైల్‌ను పక్కకు జరిపి, ప్యాకేజీని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలి:

సుడో ఎంవీ /వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో/ప్యాకేజీపేరు.లిస్ట్ /రూట్/
సుడో ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ ప్యాకేజీపేరు

లిస్ట్ ఫైల్ లేకపోతే డీపీకేజీ హెచ్చరించి ముందుకు పోతుంది. చెడిపోయి ఉంటే మాత్రం ఆగిపోతుంది. కాబట్టి ఒక దాని తర్వాత ఒకటి బయటపడుతుంటే ఓపిగ్గా ఒక్కొక్కటీ ఇలాగే చేయండి. కొన్ని ఫైళ్ళు పూర్తిగా ఖాళీ అయి ఉండొచ్చు. అవి ఎర్రర్ ఇవ్వవు కాబట్టి వెతికి పట్టుకోవాలి:

ఫైండ్ /వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో -నేమ్ '*.లిస్ట్' -సైజ్ 0

ఆ కనిపించినవాటినీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి.

అన్నిటికన్నా భయపెట్టేది స్టేటస్ ఫైల్ చెడడం. /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్ అనే ఈ ఒక్క ఫైల్‌లోనే మీ సిస్టమ్‌లోని ప్రతి ప్యాకేజీ లెక్క ఉంటుంది. అది చెడితే 'పార్సింగ్ ఫైల్... నియర్ లైన్' అని లైన్ నంబర్‌తో సహా చెబుతుంది. కంగారు పడకండి, నకళ్ళున్నాయి. పక్కనే స్టేటస్-ఓల్డ్ ఉంటుంది. /వార్/బ్యాకప్స్ ఫోల్డర్‌లో డీపీకేజీ.స్టేటస్.0 అని, 1 నుంచి కుదించిన ఫైళ్ళుగా ఇంకొన్ని ఉంటాయి. చెడినదాన్ని వేరే పేరుతో దాచి, బాగున్న నకలును స్టేటస్ పేరుతో పెట్టండి. ఆ నకలు తర్వాత ఇన్‌స్టాల్ అయినవాటి సంగతి డీపీకేజీకి తెలియదు కాబట్టి, హిస్టరీ.లాగ్‌లో ఆ తేదీ నుంచి ఉన్న పేర్లు చూసి వాటిని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలి.

'ట్రయింగ్ టు ఓవర్‌రైట్' అన్న ఎర్రర్ రెండు ప్యాకేజీలు ఒకే ఫైల్‌ను తమదంటున్నాయని. ఒకటి బయటి నుంచి వచ్చినదైతే దాన్ని తొలగించడమే మంచిది.

6. డిపెండెన్సీలు: ఆ మాటల్లో తేడా పట్టుకోవడం

'అన్‌మెట్ డిపెండెన్సీస్' కింద వచ్చే లైన్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, చివరి మాటలు వేరు. ఆ తేడాలోనే దారి ఉంది.

'నాట్ ఇన్‌స్టాలబుల్' అంటే ఆ పేరుతో ప్యాకేజీ మీ రిపాజిటరీల్లో ఎక్కడా లేదు. వెనక్కి, మూడో అంచెకు వెళ్ళండి. 'ఫలానా వెర్షన్ ఈజ్ టు బీ ఇన్‌స్టాల్డ్' అంటే ప్యాకేజీ ఉంది, వెర్షన్ కుదరలేదు. రెండు వెర్షన్లు కలగలిసిన లక్షణం ఇది. 'నాట్ గోయింగ్ టు బీ ఇన్‌స్టాల్డ్' అంటే అసలు కారణం ఇంకో మెట్టు కింద ఉంది. ఆ లైన్‌లో ఉన్న ప్యాకేజీ పేరు తీసుకుని దాన్నే నేరుగా ఇన్‌స్టాల్ చేయమని అడగండి. అది ఇంకో పేరు చెబుతుంది, దాన్నీ అడగండి. మూడు నాలుగు మెట్లు దిగేసరికి పై రెండింటిలో ఒకటి బయటపడుతుంది. ఇలా అడిగేటప్పుడు -ఎస్ పెట్టండి, ఏమీ మారకుండా జరగబోయేది మాత్రమే చూపిస్తుంది:

సుడో ఆప్ట్-గెట్ -ఎస్ ఇన్‌స్టాల్ ప్యాకేజీపేరు

వెర్షన్ తగువు ఎవరెవరి మధ్యో చూడాలంటే:

ఆప్ట్-క్యాష్ పాలసీ ప్యాకేజీపేరు

ఇందులో ఇన్‌స్టాల్ అయిన వెర్షన్ పక్కన ఏ రిపాజిటరీ చిరునామా లేకపోతే అది బయటి నుంచి వచ్చి చేరింది. రిపాజిటరీలో ఉన్న వెర్షన్‌కు వెనక్కి తేవడానికి ప్యాకేజీపేరు=వెర్షన్ అని రాసి ఇన్‌స్టాల్ చేయవచ్చు. 'ఆప్ట్-మార్క్ షోహోల్డ్' కూడా ఒకసారి చూడండి, ఎవరైనా ఏదైనా ప్యాకేజీని కదలకుండా కట్టేసి ఉండొచ్చు.

నెట్ నుంచి విడిగా దింపిన డెబ్ ఫైళ్ళ (ఒక్కోటీ ఒక ప్యాకేజీ) విషయంలో మూడు రకాల ఎర్రర్లు పాత మెషీన్‌లో పదే పదే వస్తాయి. 'కంట్రోల్.టార్.జెడ్‌ఎస్‌టీ... అన్‌నోన్ కంప్రెషన్' అంటే ఆ ఫైల్ జెడ్‌స్టాండర్డ్ పద్ధతిలో కుదించింది, ఉబుంటు 21.10 నుంచి ప్యాకేజీలు ఇలాగే వస్తున్నాయి, డెబియన్ 11లోని డీపీకేజీ వాటిని విప్పలేదు. 'జీలిబ్‌సీ... నాట్ ఫౌండ్' అంటే ఆ ప్రోగ్రామ్ మీకన్నా కొత్త సిస్టమ్ మీద తయారైంది. 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అంటే మీ ప్రాసెసర్‌కు తెలియని ఆదేశం ఆ ప్రోగ్రామ్‌లో ఉంది, దానికి ఇన్‌స్టాలేషన్‌లో మందు లేదు.

రెండోది చూసి లిబ్‌సీ6 (జీలిబ్‌సీ ఉండే ప్యాకేజీ) కొత్త వెర్షన్‌ను బలవంతంగా ఎక్కించే పని మాత్రం దయచేసి చేయకండి. ఎల్ఎస్, సీపీ, బ్యాష్ సహా దాదాపు ప్రతి ప్రోగ్రామూ దాని మీదే నిలబడి ఉంటుంది. అది సగంలో చెడితే సరిచేయడానికి కొట్టే కమాండ్ కూడా నడవదు.

7. ప్రాసెసర్ సంగతి, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తే

అన్నీ సరిచేసినా కొత్త ప్యాకేజీలు దొరకకపోవడానికి 32-బిట్ కారణం కావచ్చు. 'డీపీకేజీ --ప్రింట్-ఆర్కిటెక్చర్' కొడితే ఐ386 అని వచ్చిందా? అయితే 'ఎల్ఎస్‌సీపీయూ' కొట్టి చూడండి. సీపీయూ ఆప్-మోడ్ వరసలో 64-బిట్ కూడా ఉంటే మీ ప్రాసెసర్ 64-బిట్‌దే, ఎవరో 32-బిట్ సిస్టమ్ పెట్టారు. ఇలాంటివి నాకు చాలా తగిలాయి. 64-బిట్ డెబియన్ వేస్తే ఆ మెషీన్లకు ఇంకా ఏళ్ళ ఆయుష్షుంది.

నిజంగానే 32-బిట్ అయితే దారులు తగ్గిపోయాయి. ఆర్చ్ 2017లో, ఫెడోరా 2019లో 31వ వెర్షన్‌తో 32-బిట్ పీసీలను వదిలేశాయి. లుబుంటు, జుబుంటుల్లో 32-బిట్ ఉన్న చివరి ఎల్‌టీఎస్ 18.04. డెబియన్ 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్‌కు 32-బిట్ ఇన్‌స్టాలర్ ఇచ్చింది, 2025 ఆగస్టులో వచ్చిన 13కు ఇవ్వలేదు. కాబట్టి అలాంటి మెషీన్‌లో డెబియన్ 12 ఉంటే 13 లైన్లు సోర్సెస్‌లో పెట్టకండి, ఆ అప్‌గ్రేడ్ మీ కోసం లేదు.

సెంట్‌ఓఎస్ 7 (డీపీకేజీ బదులు ఆర్‌పీఎం వాడే వేరే లినక్స్) వాడేవాళ్ళకు ఒక్క మాట. దాని గడువు 2024 జూన్ 30తో తీరింది, ప్యాకేజీలు వాల్ట్.సెంట్‌ఓఎస్.ఆర్గ్‌లో ఉన్నాయి, /ఈటీసీ/యమ్.రెపోస్.డీ ఫైళ్ళలో చిరునామా మార్చుకోవాలి. లెక్క చెడితే 'సుడో ఆర్‌పీఎం --రీబిల్డ్‌డీబీ'. మిగతా వరస అంతా ఇదే.

సరిచేయడం ముగిసిందనడానికి నేను చూసే గుర్తు: 'డీపీకేజీ --ఆడిట్' ఏమీ చెప్పకుండా తిరిగి రావాలి, 'సుడో ఆప్ట్-గెట్ చెక్' ఎర్రర్ లేకుండా ముగియాలి, మెషీన్ ఒకసారి రీస్టార్ట్ అయి పైకి రావాలి. కొత్త కెర్నల్ సగంలో ఆగిన కేసుల్లో ఆ మూడోది చూడకుండా మెషీన్ తిరిగి ఇవ్వకండి.

లిబ్‌సీ6 చెడినా, స్టేటస్ నకళ్ళన్నీ పాడైనా, వెర్షన్లు కలిసిపోయి ఆప్ట్ వందల ప్యాకేజీల తొలగింపు అడుగుతున్నా నేను ఇంక పోరాడను, మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తాను. సిస్టమ్ ఇంకా బూట్ అవుతుంటే ముందు ఈ జాబితా తీసి పెట్టుకోండి:

ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ > నాప్యాకేజీలు.టీఎక్స్‌టీ

మీరు అడిగి వేయించుకున్న ప్యాకేజీల పేర్లు ఇందులో వస్తాయి. ఈ ఫైల్‌నూ, /హోమ్, /ఈటీసీ ఫోల్డర్లనూ బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. కొత్త సిస్టమ్ వేశాక ఆ జాబితాను మొత్తంగా ఆప్ట్‌కు ఇచ్చేయకుండా, తెరిచి చదువుతూ నిజంగా వాడేవాటినే ఇన్‌స్టాల్ చేయండి. పాత కెర్నళ్ళ పేర్లూ, వెర్షన్ నంబర్ పేరులోనే ఉన్న లైబ్రరీలూ అందులో ఉంటే వదిలేయండి. /ఈటీసీని కొత్తదాని మీద గుత్తగా రాయకండి, కావాల్సిన సెట్టింగ్ ఫైల్ ఒక్కొక్కటే తెచ్చుకోండి.